అక్షరం నుంచి అంకెకు, అంకె నుంచి అక్షరానికి: మన ఊరి పేర్లతోనే నేర్చుకుందాం

ప్రోగ్రామింగ్ పుస్తకం ఏది తెరిచినా, అక్షరాన్ని అంకెగా మార్చే ఈ పాఠం "క్యాపిటల్ ఎ అంటే 65" దగ్గర మొదలై "క్యాపిటల్ జెడ్ అంటే 90" దగ్గర ఆగిపోతుంది. ల్యాబ్ పరీక్షకు అది సరిపోతుంది. కానీ రేపు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతుల జాబితానో, ములుగు జిల్లా ఊర్ల పేర్ల ఫైలునో మీ చేతికి వస్తే అందులో ఎ, బి, సి, డిలు ఉండవు. గుడి, కొమ్ము, ఒత్తు, సున్న ఉంటాయి. అప్పుడు 65 దగ్గర ఆగిన చదువు అక్కరకు రాదు. వరంగల్, హన్మకొండల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఈ పాఠం మొదటి రోజు నుంచే తెలుగు అక్షరాలతో చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఇంగ్లీష్ అక్షరాలతో మాత్రమే నేర్చుకుంటే ఇందులోని అసలు మెలికలు ఒక్కటీ బయటపడవు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ప్రోగ్రాంలో వచ్చే ఇంగ్లీష్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలో, పలికినట్టే రాస్తున్నాను. మీరు మాత్రం కంప్యూటర్‌లో ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టాలి. ఆర్డ్ అంటే ఓ, ఆర్, డి. సీహెచ్ఆర్ అంటే సి, హెచ్, ఆర్. ముందు పైథాన్ మూడో తరంతో చేద్దాం, మిగతా భాషలకు తర్వాత వెళ్దాం. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, ఫోన్ బ్రౌజర్‌లో పైథాన్ నడిపే సైట్లు చాలా ఉన్నాయి.

మొదటి అడుగు: ఒక్క అక్షరం అడగండి

ప్రింట్(ఆర్డ్('వ'))

3125 అని వస్తుంది. 'వ'కు ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌లో, ప్రతి ఫోన్‌లో ఇదే నంబరు. యూనికోడ్ అనే ప్రమాణం ఇచ్చిన నంబరు ఇది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. మన లిపికి అందులో 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128 స్థానాలు కేటాయించారు. ఆ రెండు హద్దులను గుర్తుపెట్టుకోండి, చివరి దాకా పనికొస్తాయి.

ఆర్డ్‌కు ఒకేసారి ఒక్క అక్షరమే ఇవ్వాలి. 'వరంగల్' మొత్తం ఇస్తే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. 'కా' ఇచ్చి చూడండి, దానికీ ఎర్రరే. మన కంటికి ఒక్క అక్షరమే కదా, మరి ఎందుకు? దానికి జవాబు రెండో అడుగులో ఉంది.

రెండో అడుగు: మాట మొత్తాన్ని విప్పండి

ఫర్ అక్షరం ఇన్ 'వరంగల్':
    ప్రింట్(అక్షరం, ఆర్డ్(అక్షరం))

ఇక్కడ 'అక్షరం' అనే వేరియబుల్ పేరును నిజంగానే తెలుగులో కొట్టవచ్చు, పైథాన్ ఒప్పుకుంటుంది. ఫలితం ఇది:

వ 3125
ర 3120
ం 3074
గ 3095
ల 3122
్ 3149

చదివేటప్పుడు వ, రం, గ, ల్ అని నాలుగే. కంప్యూటర్ లెక్కలో ఆరు. సున్నకు ఒక నంబరు, పొల్లుకు ఒక నంబరు. 'ల్' అనేది ఒక అక్షరం కాదు, 'ల' పక్కన పొల్లు. అలాగే 'కా' అంటే 'క' (3093), దాని వెనక దీర్ఘం (3134). అందుకే ఆర్డ్ దాన్ని తిప్పికొట్టింది.

ఇప్పుడు 'హన్మకొండ' వేయండి. ఎనిమిది నంబర్లు వస్తాయి: 3129, 3112, 3149, 3118, 3093, 3146, 3074, 3105. అందులో 'న్మ' ఎట్లా ఉందో గమనించండి: న (3112), పొల్లు (3149), మ (3118). మ ఒత్తుకు విడిగా నంబరంటూ లేదు. రెండు హల్లుల మధ్య పొల్లు వస్తే రెండోదాన్ని కింద ఒత్తుగా గీసే పని ఫాంట్‌ది. క ఒత్తయినా, ర ఒత్తయినా, య ఒత్తయినా లెక్క ఇదే.

వరంగల్ అర్బన్ జిల్లాకు 2021లో 'హనుమకొండ' అని పేరు పెట్టారు కాబట్టి ఫైళ్లలో రెండు రూపాలూ కనిపిస్తాయి. విప్పి చూస్తే పొల్లు (3149) ఉన్నచోట కొమ్ము (3137) వచ్చిందంతే, నంబర్ల సంఖ్య మాత్రం ఎనిమిదే. కంటికి రెండూ ఒకే ఊరు, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేరే మాటలు.

ఈ నంబర్లు మన వర్ణమాల వరుసలోనే నడుస్తాయి. అ 3077, ఆ 3078, ఇ 3079... క 3093, ఖ 3094, గ 3095... హ 3129. అందుకే పేర్లను సార్ట్ చేస్తే చాలావరకు అకారాది క్రమం దానంతట అదే వస్తుంది. మధ్యలో కొన్ని ఖాళీలున్నాయి. 3085, 3089, 3113 స్థానాల్లో తెలుగు అక్షరం లేదు. వీటికి కారణం ఉంది. యూనికోడ్ కంటే ముందే భారతీయ లిపులన్నిటికీ కలిపి మన దేశంలో ఇస్కీ అనే ప్రమాణం తయారైంది. ఒకే ధ్వనికి అన్ని లిపుల్లో ఒకే స్థానం అన్నది దాని పద్ధతి. యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. తమిళంలో రెండో రకం 'న' ఉంది, తెలుగులో లేదు. దాని స్థానమే మనకు 3113 దగ్గర ఖాళీగా మిగిలింది.

ఈ అమరిక వల్ల ఒక మంచి సౌకర్యం వచ్చింది. హిందీ 'క' నంబరు 2325, తెలుగు 'క' 3093. తేడా 768. హిందీ 'ర'కూ తెలుగు 'ర'కూ తేడా 768. గుణింతం గుర్తులకూ అంతే. కాజీపేట జంక్షన్ బోర్డు మీద హిందీలో ఉన్న పేరును టైపు చేసి, ప్రతి నంబరుకు 768 కలిపి వెనక్కి అక్షరంగా మార్చితే తెలుగులో వస్తుంది. ఉచ్చారణలో తేడాలు వస్తాయి. హిందీలో మాట చివరి అకారాన్ని పలకరు, పొల్లు కూడా పెట్టరు. అందుకే అక్కడ 'కరీంనగర్' అని చదివేది ఇటు వచ్చేసరికి చివర్లో 'ర'గా దిగుతుంది. మామూలు హిందీ రాతలో హ్రస్వ 'ఎ', 'ఒ'లు ఉండవు కాబట్టి అన్నీ దీర్ఘాలే అవుతాయి. లిపి మాత్రం ఒక్క కూడికతో మారుతుంది.

మూడో అడుగు: అంకె నుంచి అక్షరానికి రండి

ప్రింట్(సీహెచ్ఆర్(3125))

'వ' వస్తుంది. ఇప్పుడు ఇది కొట్టి చూడండి, ఏ ఊరో నేను చెప్పను:

కోడ్లు = [3091, 3120, 3137, 3095, 3122, 3149, 3122, 3137]
ప్రింట్(''.జాయిన్(సీహెచ్ఆర్(న) ఫర్ న ఇన్ కోడ్లు))

సీహెచ్ఆర్‌కు 0 నుంచి 1114111 వరకు ఏ నంబరైనా ఇవ్వవచ్చు. అది దాటితే ఎర్రర్. పరిధిలో ఉన్నా అక్షరం కేటాయించని నంబరు ఇస్తే, ఉదాహరణకు 3089 ఇస్తే, ఎర్రర్ రాదు. తెర మీద ఖాళీ డబ్బా కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. మొత్తం తెలుగు పట్టిక చూడాలంటే రేంజ్(3072, 3200) మీద లూప్ తిప్పండి. రెండో హద్దు లెక్కలోకి రాదు కాబట్టి 3199 కాకుండా 3200 రాయాలి.

నాలుగో అడుగు: అంకె రూపం వేరు, విలువ వేరు

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కీబోర్డు మీద 5 నొక్కితే ప్రోగ్రాంకు చేరేది ఐదు కాదు, '5' అనే గుర్తు. ఆ గుర్తు కోడ్ 53. సున్న గుర్తు కోడ్ 48. కాబట్టి 53లోంచి 48 తీసేస్తే అసలైన ఐదు వస్తుంది. సి భాషలో '7' - '0' అని రాసేది అందుకే. 48 అనే నంబరును ప్రోగ్రాంలో నేరుగా రాయకండి. '0' అనే రాయండి. చదివేవాళ్లకు ఏం చేస్తున్నారో వెంటనే అర్థమవుతుంది.

తెలుగు అంకెలకూ సూత్రం ఇదే. ౦ కోడ్ 3174, ౯ కోడ్ 3183. వేయిస్తంభాల గుడి కట్టిన సంవత్సరం 1163ను తెలుగు అంకెల్లో ౧౧౬౩ అని రాశారనుకుందాం. దాన్ని లెక్కకు పనికొచ్చే సంఖ్యగా మార్చాలి.

మొత్తం = 0
ఫర్ గుర్తు ఇన్ '౧౧౬౩':
    మొత్తం = మొత్తం * 10 + (ఆర్డ్(గుర్తు) - 3174)

ఒక్కో విడతకు మొత్తం ఎట్లా పెరుగుతుందో కాగితం మీద వేసుకోండి: 1, తర్వాత 11, తర్వాత 116, చివరికి 1163. వెనక్కి మార్చాలంటే ఒక్కో అంకెకు 3174 కలిపి సీహెచ్ఆర్‌కు ఇవ్వాలి.

పైథాన్‌లోని ఇంట్, జావాలోని పార్స్‌ఇంట్ తెలుగు అంకెలను నేరుగానే చదువుతాయి. ఇంట్('౧౧౬౩') అన్నా 1163 వస్తుంది. జావాస్క్రిప్ట్ మాత్రం చదవదు, 'సంఖ్య కాదు' అని తేల్చేస్తుంది. కాబట్టి వెబ్ పేజీలో తెలుగు అంకెలు తీసుకునే ఫారం తయారుచేస్తే ఈ తీసివేత మీరే రాసుకోవాలి.

ఐదో అడుగు: ఆ ముప్పై రెండు సంగతి

ఇంగ్లీష్ క్యాపిటల్ ఎ 65, చిన్న ఎ 97. క్యాపిటల్ బి 66, చిన్న బి 98. ఎక్కడ చూసినా తేడా 32. ఇది చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, గీ ముప్పై రెండు యాడికెల్లి వచ్చింది?" అడగాల్సిన ప్రశ్నే. 65ను బైనరీలో రాస్తే 1000001. 97ను రాస్తే 1100001. తేడా ఒకే ఒక్క బిట్, దాని విలువ 32. ఇంగ్లీష్ అక్షరాలకు ఈ నంబర్లు ఇచ్చిన ఆస్కీ ప్రమాణం 1963లో వెలువడినప్పుడు అందులో చిన్న అక్షరాలు లేవు. 1967 సవరణతో అవి స్థిరపడ్డాయి. ఒక్క బిట్ మారిస్తే పెద్దది చిన్నదయ్యేలా అమర్చారు. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి ఈ లెక్కను మన అక్షరాల మీద వాడకండి. 'అ' నంబరుకు 32 కలిపితే 3109, అంటే 'థ' వస్తుంది.

ల్యాబ్‌లో అడిగే సీజర్ సైఫర్ (ప్రతి అక్షరాన్ని కొన్ని స్థానాలు జరిపి మాటను దాచే పద్ధతి) కూడా ఈ లెక్కే: అక్షరం కోడ్‌లోంచి 65 తీసేసి, జరపాల్సినంత కలిపి, 26తో భాగించగా వచ్చిన శేషానికి మళ్లీ 65 కలపాలి. విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. సి, జావాల్లో రుణ సంఖ్యను భాగిస్తే శేషం కూడా రుణమే వస్తుంది: -1కి శేషం -1. పైథాన్‌లో అదే 25 అవుతుంది. కాబట్టి సి, జావాల్లో శేషం తీసేముందు ఒక 26 కలుపుకోండి.

ఆరో అడుగు: సి భాషలో 'వ' ఎందుకు మూడు ముక్కలైంది

సి భాషలో మార్చడమనే పనే లేదు. చార్ అంటేనే ఒక చిన్న పూర్ణాంకం. ప్రింట్ఎఫ్‌లో %డి పెడితే అంకెగా, %సి పెడితే అక్షరంగా చూపిస్తుంది. లోపల ఉన్నది ఒకటే. క్యాపిటల్ 'ఎ' + 1 అంటే 66, దాన్ని %సితో చూస్తే బి.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. చార్ శ్రేణిలో "వరంగల్" అని పెట్టి స్ట్రలెన్ (పొడవు చెప్పే ఫంక్షన్) అడగండి. ఆరు రాదు, పద్దెనిమిది వస్తుంది. మొదటి మూడింటిని %డితో ముద్రిస్తే మన ల్యాబుల్లో ఉండే మామూలు పీసీల్లో -32, -80, -75 వస్తాయి. ఇది చూసి చాలామంది ప్రోగ్రాం చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి, వాటిని విడదీద్దాం.

మొదటిది గుర్తు సమస్య. ఆ పీసీల్లో చార్ -128 నుంచి 127 వరకే పట్టుకుంటుంది. అంతకు మించినవి రుణంగా కనిపిస్తాయి. 256 కలిపితే అసలు సంఖ్యలు బయటపడతాయి: 224, 176, 181. అన్‌సైన్డ్ చార్ వాడితే మొదటే ఇట్లా కనిపిస్తాయి.

రెండోది, 3125 ఒక బైటులో పట్టదు. బైటులో 255 దాకానే చోటు. అందుకని ఫైల్లోకి వెళ్లేటప్పుడు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాన్ని మూడు బైట్లుగా విడగొడతారు. ఆ లెక్కను చేత్తో చేసి చూడండి, ఒక్కసారి చేస్తే మరచిపోరు:

3125ను 64తో భాగించండి. భాగఫలం 48, శేషం 53.
48కి 128 కలిపితే 176. ఇది రెండో బైటు.
53కి 128 కలిపితే 181. ఇది మూడో బైటు.
మొదటి బైటు తెలుగుకు ఎప్పుడూ 224.

వెనక్కి రావాలంటే (176 - 128) * 64 + (181 - 128), అంటే 3072 + 53, అంటే 3125. పొల్లు (3149) మీద కూడా చేసి చూసుకోండి, 224, 177, 141 రావాలి. తెలుగు అక్షరాల రెండో బైటు 176 లేదా 177 మాత్రమే అవుతుంది.

ఈ లెక్క తెలిస్తే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. తెలుగు ఫైలు తెరిచినప్పుడు మాటలకు బదులు నెత్తిన గీతతో ఉన్న ఇంగ్లీష్ చిన్న ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఎ, మళ్లీ డిగ్రీ ఇట్లా వరుసగా కనిపించడం మీరూ చూసి ఉంటారు. పాత పశ్చిమ యూరప్ పట్టికలో 224 అంటే ఆ గీత ఎ, 176 అంటే డిగ్రీ గుర్తు. అంటే ఫైలు క్షేమంగానే ఉంది, తెరిచిన ప్రోగ్రాం మూడు బైట్లను కలిపి చదవకుండా విడివిడిగా చదివింది. తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. ఆ చెత్త కనిపిస్తుండగా మాత్రం సేవ్ చేయకండి. అప్పుడు నిజంగానే పాడవుతుంది.

ఒక్కో బైటును చదివే గెట్‌చార్ గురించి ఒక్క మాట: దాని ఫలితాన్ని చార్‌లో కాకుండా ఇంట్‌లోనే పట్టుకోండి. ఫైలు అయిపోయిందని చెప్పే రుణ విలువ, మామూలు బైటు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఉంటాయి.

ఏడో అడుగు: మిగతా భాషలు

జావాలో (ఇంట్) అని ముందు పెడితే అక్షరం అంకె అవుతుంది, (చార్) అని పెడితే అంకె అక్షరం అవుతుంది. జావా చార్‌లో 65535 వరకు పడుతుంది కాబట్టి తెలుగు అక్షరాలకు ఇబ్బంది లేదు. క్యాపిటల్ 'ఎ' + 1 అని ముద్రిస్తే బి రాదు, 66 వస్తుంది. సి అనే చార్ వేరియబుల్ ఉంటే, సి = సి + 1 అని రాస్తే కంపైలర్ ఒప్పుకోదు, సి++ అని రాస్తే ఒప్పుకుంటుంది. వైవాల్లో అడగడానికి ఇష్టపడే ప్రశ్న ఇది.

జావాస్క్రిప్ట్‌లో చార్‌కోడ్‌ఎట్ అని పాతదొకటి, కోడ్‌పాయింట్‌ఎట్ అని 2015లో వచ్చిన కొత్తదొకటి ఉన్నాయి. 'వ'కు రెండూ 3125 అనే చెబుతాయి. నవ్వు ముఖం ఎమోజీ 😀 ఇస్తే తేడా తెలుస్తుంది. దాని నంబరు 128512. కోడ్‌పాయింట్‌ఎట్ అదే చెబుతుంది. చార్‌కోడ్‌ఎట్ 55357 అంటుంది. జావా, జావాస్క్రిప్ట్‌లు రెండూ 65535 దాటిన అక్షరాలను రెండు సగాలుగా దాస్తాయి, ఈ 55357 మొదటి సగం మాత్రమే. లెంగ్త్ అడిగితే ఆ ఒక్క ఎమోజీకి 2 అనేది అందుకే. వెనక్కి మార్చడానికి స్ట్రింగ్.ఫ్రమ్‌కోడ్‌పాయింట్ వాడండి. కొత్త కోడ్ రాసేటప్పుడు పాతదాని జోలికే పోవద్దు.

పీహెచ్‌పీలో ఆర్డ్ ఉంది కానీ అది మొదటి బైటునే చూస్తుంది, 'వ'కు 224 అంటుంది. 7.2 వెర్షన్ నుంచి ఉన్న ఎంబీ_ఆర్డ్ వాడితే 3125 వస్తుంది. గో భాషలో ఎస్[0] అంటే 224, రేంజ్ లూప్ తిప్పితే 3125. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ ఫంక్షన్ పేరు ఆస్కీ అయినా, డేటాబేస్ యూటీఎఫ్-8లో ఉంటే 3125 అనే ఇస్తుంది. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఆర్డ్ మూడు బైట్లనూ ఒకే పెద్ద సంఖ్యగా గుచ్చి 14725301 ఇస్తుంది, దాన్ని యూనికోడ్ నంబరు అనుకోకండి.

మండల ఆఫీసుల్లో, మీసేవల్లో, మార్కెట్ యార్డుల్లో ఎక్కువగా వాడేది ఎక్సెల్. అందులో కోడ్, చార్ అనే ఫార్ములాలు 255 దాకానే. తెలుగు అక్షరం ఇస్తే కోడ్ సాధారణంగా 63 అంటుంది, అది ప్రశ్నార్థకం గుర్తు నంబరు. 2013 వెర్షన్ నుంచి యూనికోడ్, యూనిచార్ అనే రెండు ఫార్ములాలున్నాయి. ఎ1 గడిలో 'వరంగల్' ఉంటే =యూనికోడ్(మిడ్(ఎ1,3,1)) అని వేయండి, మూడోదైన సున్న నంబరు 3074 వస్తుంది.

ఎనిమిదో అడుగు: అసలు పని, పేర్ల జాబితా శుభ్రం చేయడం

ఇంతసేపు నేర్చుకున్నదంతా దీనికోసమే. ఒక జాబితాలో వరంగల్ అని వెతికితే సగం వరుసలే వస్తున్నాయి. మిగతా సగంలో కూడా కళ్లెదుట వరంగల్ అనే కనిపిస్తోంది. ఇట్లాంటి ఫైలు ఇస్తే ఏం చేస్తారు? కళ్లను నమ్మకుండా రెండో అడుగులోని లూప్ తిప్పండి. ఇట్లా రావచ్చు:

వరంగల్: 3125, 3120, 3074, 3095, 3122, 3149
వర౦గల్: 3125, 3120, 3174, 3095, 3122, 3149

రెండో మాటలో ఉన్నది నిండు సున్న కాదు, తెలుగు అంకె సున్న. సరిగ్గా 100 తేడా. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా ఉంటాయి. టైపు చేసేవాళ్లకు కీబోర్డు మీద ఏది ముందు దొరికితే అది కొడతారు. కొన్నిచోట్ల ఇంగ్లీష్ అంకె సున్న (48), ఇంగ్లీష్ చిన్న ఓ (111) కూడా ఆ స్థానంలో దొరుకుతాయి.

అన్ని 3174లనూ 3074గా మార్చేస్తే సరిపోదు. అదే ఫైల్లో ౧౦౦ బస్తాలు అని ఉంటే ఆ సున్నలు కూడా పాడవుతాయి. వెనక ఉన్నది అక్షరమా, అంకెనా అని చూడాలి:

కొత్త = ''
ఫర్ ముక్క ఇన్ పేరు:
    ఇఫ్ ఆర్డ్(ముక్క) == 3174 అండ్ కొత్త != '' అండ్ 3077 <= ఆర్డ్(కొత్త[-1]) <= 3148:
        ముక్క = సీహెచ్ఆర్(3074)
    కొత్త = కొత్త + ముక్క

3077 నుంచి 3148 వరకు అచ్చులు, హల్లులు, గుణింతాలు. వాటి వెనక వచ్చిన సున్ననే మారుస్తుంది. ౧౦౦లో మొదటి సున్నకు ముందున్నది 3175, పరిధిలో లేదు కాబట్టి దాన్ని ముట్టుకోదు. 'అ౦౧' లాంటి గది నంబర్లుంటే వాటిని మాత్రం మీరే చేత్తో చూసుకోవాలి.

రెండో దొంగ కంటికి అసలే కనిపించడు. 8204 అనే నంబరున్న గుర్తు ఒకటుంది, పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. 'ఆత్మకూర్‌లో' అని సరిగ్గా కనిపించాలంటే పొల్లు తర్వాత అది ఉండాల్సిందే, లేకపోతే లో ఒత్తై కిందికి దిగుతుంది. తప్పు ఎక్కడంటే, ఆ మాటలోంచి 'లో' తీసేసినా 8204 తోకలా మిగిలిపోతుంది. అప్పుడు 'ఆత్మకూర్'కూ దానికీ పొత్తు కుదరదు. స్ట్రిప్ కూడా దాన్ని తీయదు, ఎందుకంటే పైథాన్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు. మాట చివరున్నది మాత్రమే తీయండి: పేరు.ఆర్‌స్ట్రిప్(సీహెచ్ఆర్(8204)). మధ్యలో ఉన్నదాన్ని ఉండనివ్వండి.

మూడోది ఐత్వం. 'మైలారం' అనే ఊరి పేరులో ై గుర్తు 3144 ఒక్కటే ఉండవచ్చు, లేదా 3142, 3158 అని రెండు ముక్కలుగా ఉండవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, కానీ పోల్చి చూస్తే ఒకటి కావు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ తెచ్చుకుని నార్మలైజ్('ఎన్ఎఫ్‌సీ', పేరు) అంటే రెండూ 3144గా కలిసిపోతాయి. ఫైలు చదివిన వెంటనే ప్రతి పేరు మీదా ఇది నడపడం మంచి అలవాటు.

నాలుగోది వేరే జాతి. పెళ్లికార్డుల, ఫ్లెక్సీల షాపుల నుంచి వచ్చే ఫైళ్లలో తెర మీద చక్కటి తెలుగు ఉంటుంది, ఆర్డ్ వేస్తే మాత్రం 3072 నుంచి 3199 మధ్య ఒక్క నంబరూ రాదు. అవి యూనికోడ్‌కు ముందు కాలం డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. నంబర్లు ఇంగ్లీష్ పట్టికవి, వాటికి తొడిగిన బొమ్మలు మాత్రం తెలుగువి. ఫాంట్ మారిస్తే తెలుగు పోతుంది. కూడికలు తీసివేతలతో ఇది బాగుపడదు. ఒక్కో ఫాంట్‌కు పట్టిక వేరు, గుణింతం గుర్తుల వరుస కూడా వేరు. ఆ ఫాంట్ పేరు షాపువాళ్లను అడిగి, దానికి సరిపోయే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్పించుకుని ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

ఫైలు ఎవరికైనా అప్పగించే ముందు ఈ చిన్న వడపోత నడపండి. పొల్లుతో ముగిసే మాటల వెనక 8204 మామూలుగానే వస్తుంది కాబట్టి దాన్ని మినహాయించాను:

ఫర్ వరుస, పేరు ఇన్ ఎన్యుమరేట్(పేర్లు, 1):
    ఫర్ ముక్క ఇన్ పేరు:
        న = ఆర్డ్(ముక్క)
        ఇఫ్ నాట్ (3072 <= న <= 3199 ఆర్ న == 32 ఆర్ న == 8204):
            ప్రింట్(వరుస, పేరు, న)

ఇందులో 48 కనిపిస్తే ఇంగ్లీష్ సున్న, 111 అయితే ఇంగ్లీష్ ఓ. 160 అయితే వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చిన విడని ఖాళీ, ఎక్సెల్‌లోని ట్రిమ్ దాన్ని తీయదు, పైథాన్ స్ట్రిప్ తీస్తుంది. 65279 మొదటి వరుసలో మొదటి స్థానంలో మాత్రమే కనిపిస్తే అది నోట్‌ప్యాడ్ లాంటివి ఫైలు మొదట్లో పెట్టే గుర్తు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే అది దానంతట అదే తొలగిపోతుంది.